జర జరగండి

మా సిరిసిల్ల, జగిత్యాల వైపు పాత తరం వాళ్ల నోట ఒక మాట వినిపిస్తుంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఊళ్లో బతుకు సాగకపోతే మనిషికి ఉన్న దారులు ఆ మూడే అని దాని అర్థం. బొగ్గుబాయి అంటే సింగరేణి. గల్ఫులో ఏ దేశానికి పోయినా మా వాళ్లకు అది దుబాయే. నడుమనున్న బొంబాయి గురించి ఈ వేళ మీతో మాట్లాడదామని వచ్చాను. 1995లో ఆ ఊరి పేరు ముంబై అయింది. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ బొంబాయే. మా మేనమామ పద్నాలుగేళ్లు అక్కడి బట్టల మిల్లులో మగ్గం నడిపాడు. ఆయన తిరిగొచ్చిన చాలా ఏళ్లకు నేను ఉద్యోగం మీద వెళ్లి నాలుగేళ్లు ఉన్నాను. ఆయన చూసిన ఊరు వేరు, నేను చూసిన ఊరు వేరు. కాని ఇద్దరం అక్కడ రోజూ విన్న మాట ఒకటే. హిందీలో విన్నాం, మరాఠీలో విన్నాం, గుజరాతీలో విన్నాం, మన తెలుగులోనూ విన్నాం. ‘జర జరగండి’ అన్న మాట.

ముందుగా ఒక పేటను గురించి చెప్పాలి. కామాటిపురా. ఈ పేరు వినగానే చాలామంది మొహం పక్కకు తిప్పుకుంటారు. సినిమాలు ఆ పేరును ఒకే ఒక్క అర్థానికి కట్టేశాయి. నాకు అది విన్నప్పుడల్లా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ పేరు మన కూలివాళ్లది. కామాటి అంటే కమతంలో పనిచేసేవాడు, రెక్కల కష్టం మీద బతికేవాడు. బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. సముద్రం పోటెత్తినప్పుడల్లా వాటి నడుమనున్న పల్లపు నేల బురదమడుగయ్యేది. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట పూర్తయ్యాక ఆ నేల క్రమంగా ఆరింది. ఆరిన నేల మీద రోడ్లు పడాలి, గోడలు లేవాలి, గోదాములు కట్టాలి. నిజాం ఇలాకా నుంచి వెళ్లిన తెలుగువాళ్లు ఆ పనుల్లో చేరారు. రాళ్లు మోశారు, సున్నం కలిపారు, పునాదులు తవ్వారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోటే కామాటిపురా అయింది. ఇప్పటికీ అక్కడి వీధులను ఒకటో గల్లీ, రెండో గల్లీ, మూడో గల్లీ అని అంకెలతోనే పిలుస్తారు. ఊరంతటినీ కట్టినవాళ్ల పేట అది. ఆ సంగతి మన పిల్లలకైనా మనం చెప్పుకోవాలి.

ఆ కామాటీల్లో కొందరు మేస్త్రీలై, కాంట్రాక్టర్లై, నాలుగు రాళ్లు వెనకేసుకున్నారు. జ్యోతిరావు ఫూలే 1873లో పుణెలో సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో ఆ సమాజానికి అండగా నిలిచినవాళ్లలో ఈ తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. ఆ సమాజంలోంచే నారాయణ్ మేఘాజీ లోఖండే అనే మనిషి వచ్చాడు. 1884లో ఆయన బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి సంఘం పెట్టాడు. అప్పటికి మిల్లుల్లో వారానికి ఒక రోజు అందరికీ సెలవు అన్న ఏర్పాటే లేదు. లోఖండే సభలు పెట్టి, అర్జీలు రాయించి, ఏళ్ల తరబడి అడిగితే 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఆదివారం రాగానే మీరు కాసేపు ఎక్కువ పడుకుంటారు కదా, అప్పుడు ఆయన పేరు ఒకసారి తలుచుకోండి.

ఇక మా మామ సంగతి. 1969లో పద్దెనిమిదేళ్ల వయసులో బొంబాయి వెళ్లాడు. మాది పద్మశాలి ఇల్లు. తాత చేతిమగ్గం మీద నేసిన చీర ఇంట్లోనే మడత పెట్టి ఉండిపోతున్న రోజులు. బొంబాయిలో మిల్లులు మొదలైంది 1854లో, కావస్‌జీ దావర్ అనే పార్శీ వ్యాపారితో. మామ వెళ్లేసరికి పరేల్, లాల్‌బాగ్, వర్లీ పేటల నిండా మిల్లులే. గిరణ్‌గావ్ అనేవారు ఆ ప్రాంతాన్ని, అంటే మరాఠీలో మిల్లుల ఊరు. కొంకణం నుంచి వచ్చినవాళ్లు, సతారా నుంచి వచ్చినవాళ్లు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన భయ్యాలు, మన పద్మశాలీలు అందరూ అక్కడే ఉండేవారు. పొద్దున్నే మిల్లు భోంగా మోగేది. భోంగా అంటే సైరన్. ఆ చప్పుడుకు ఊరు నిద్రలేచేది. షిఫ్టును పాళీ అనేవారు. మొదటి పాళీ, రెండో పాళీ, రాత్రి పాళీ.

వెళ్లగానే ఉద్యోగం రాలేదు. బద్లీ వచ్చింది. మనకు బదిలీ అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చడం. మిల్లులో బద్లీ అంటే రాని మనిషికి బదులుగా పనిచేసేవాడు. చేతికొక కార్డు ఇస్తారు. ఆ కార్డు పట్టుకుని పాళీ మొదలయ్యే వేళకు గేటు దగ్గర నిలబడాలి. లోపల ఎవరైనా రాకపోతే, జ్వరంతో పడుకుంటే, ఊరికి పోతే, అప్పుడు గుమాస్తా బయటికొచ్చి వరసలోంచి ఒకరిని పిలుస్తాడు. పిలవకపోతే రెండో పాళీకి మళ్లీ వచ్చి నిలబడాలి. ఆ రోజు పని దొరికిందా కూలి, లేదా ఏమీ లేదు. మామ ఐదేళ్లు అలా నిలబడ్డాడు. ‘గేటు కాడ నిలవడి, లోపలెవలకన్న పెయ్యి బాగలేకపోతె బాగుండు అనుకునేటోన్ని బిడ్డా. అసొంటి ఆలోచన మనిషికి రావద్దు. అయినా వస్తుండె’ అని ఒకసారి నాతో అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు తల దించుకున్నాడు. మనిషి మనసును అలా వంచే పద్ధతి ఎవరు పెట్టారో వాళ్లు తల దించుకోవాలి గాని, మా మామ ఎందుకు దించుకోవాలి?

ఆయన ఉన్నది వర్లీలో, బీడీడీ చాళ్లలో. బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ అనే ప్రభుత్వ శాఖ 1920లలో కూలివాళ్ల కోసం కట్టిన భవనాలు అవి. వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివడీ, ఈ నాలుగు చోట్లా కలిపి 207 ఉండేవి. భవనానికి ఎనభై గదులు. గదిని ఖోలీ అంటారు. ఖోలీ కొలత 160 చదరపు అడుగులు, అంటే పదహారడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. మామ ఖోలీలో మా వైపు వాళ్లే పద్నాలుగు మంది. గోడ పొడవునా పైన చెక్క బల్ల, దాని మీద వరసగా పద్నాలుగు రేకు పెట్టెలు. మనిషి సొంతం అన్నది ఆ పెట్టె ఒక్కటే. మొదటి పాళీ వాళ్లు పనికి పోతే రాత్రి పాళీ వాళ్లు వచ్చి అదే చాప మీద పడుకుంటారు. చాప చల్లబడేది కాదట. సెలవు రోజు అందరూ గదిలో ఉంటారు గనుక ఆ రాత్రి సగం మంది బయట వరండాలో, మెట్ల మీద, వీధిలో పడుకునేవారు. మామ మొదటి రోజు నేర్చుకున్నది మగ్గం పని కాదు, పడుకునే పద్ధతి. ‘పక్కకు తిరిగి పండుకోవాలె. ఎల్లెలుకల పండుకుంటె ఇద్దరి జాగ పోతది.’ రాత్రి ఎవరైనా ఊరి నుంచి కొత్తగా దిగితే తలుపు దగ్గరి మనిషి ‘జర జరుగుండ్రి’ అనేవాడట. నిద్రలోనే, కళ్లు తెరవకుండానే, ఉన్నవాళ్లంతా ఒక్కొక్క బెత్తెడు జరిగేవారట. కొత్త మనిషికి జాగా అయ్యేది.

ఇలాంటి గదులు మన వాళ్లకే ఉన్నాయనుకోకండి. కొంకణంలో చాలా పల్లెలకు బొంబాయి చాళ్లలో ఒక్కో ఖోలీ ఉండేది. గోవా వాళ్లకు ధోబీ తలావ్ దగ్గర కుడ్ అనే సత్రాలు ఉండేవి. ఓడల్లో పనిచేసే గోవా మనుషులు రెండు ప్రయాణాల నడుమ అక్కడ దిగేవారు. ఊరు ఎంత పెద్దదైనా, దిగగానే చూసేది మాత్రం తన పల్లెవాడి మొహం. అది లేకపోతే అంత పెద్ద ఊళ్లో మనిషి మొదటి వారమే వెనక్కి తిరిగేవాడు.

మరి పద్నాలుగు మందికి వండేదెవరు? ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. బొంబాయి భోజనం అనగానే అందరూ డబ్బావాలాల గురించి చెప్తారు. వాళ్లు గొప్ప పనివాళ్లు, అందులో సందేహం లేదు. 1890 నుంచి నడుస్తున్న పద్ధతి అది. తెల్ల టోపీ, నెత్తిన పొడవాటి చెక్క పళ్లెం, దానిలో బరువుగా డబ్బాలు. డబ్బా మూత మీది రంగులు, అంకెలు, అక్షరాలు చూసి ఏ స్టేషనులో దించాలో, ఏ భవనంలో ఎన్నో అంతస్తుకు చేర్చాలో చెప్పేస్తారు. అయితే ఆ డబ్బా నిండాలంటే తెల్లవారుజామున ఎవరో లేచి పొయ్యి ముట్టించాలి. మిల్లు మనుషులకు ఆ పని చేసింది ఖాణావళి ఆడవాళ్లు. ఖాణావళి అంటే ఇంట్లోనే నడిపే భోజనశాల. అదే 160 చదరపు అడుగుల ఖోలీ, అందులోనే భర్త, పిల్లలు, అందులోనే కిరసనాయిలు స్టవ్వు, అందులోనే పదిమందికో ఇరవైమందికో రెండు పూటలా రొట్టెలు, పప్పు, కూర. వాళ్లు తిన్నవాళ్ల దగ్గర డబ్బు నెలకోసారి వసూలు చేసుకునేవారు. సరుకు మాత్రం వడ్డీ అప్పు మీద తెచ్చుకునేవారు. 1975లో ప్రేమా పురవ్ అనే కార్మిక నాయకురాలు ఆ ఆడవాళ్లను కూడగట్టి అన్నపూర్ణ మహిళా మండల్ స్థాపించింది. బ్యాంకు గడప ఎక్కించి, వడ్డీవ్యాపారి చేతిలోంచి వాళ్లను బయటికి లాగింది. మామ తిన్న ఖాణావళి నడిపింది సతారా వైపు ఆవిడ. ఆవిడకు తెలుగు రాదు, మామకు అప్పటికి మరాఠీ రాదు. ఆయన పళ్లెంలో మాత్రం రోజూ ఒక పచ్చిమిరపకాయ అదనంగా పడేది. సమ్మె వచ్చి నెలల తరబడి ఎవరి దగ్గరా పైసా లేనప్పుడు కూడా ఆవిడ చాలాకాలం అన్నం పెట్టింది. ఆ బాకీ ఆయన తీర్చలేకపోయాడు. ఇప్పటికీ ఆ ప్రస్తావన వస్తే ‘అక్క’ అంటాడు, పేరు చెప్పడు.

సమ్మె గురించి తర్వాత చెప్తాను. ముందు నేను చూసిన బొంబాయిలోకి వద్దాం.

నేను ఉన్నది డోంబివలీలో. పని దాదర్‌లో. మధ్యలో లోకల్ రైలు, గంట ప్రయాణం. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు నడిచింది, 34 కిలోమీటర్లు. నేను రోజూ పోయింది ఆ దారిలోనే. కోవిడ్‌కు ముందు రోజుకు డెబ్బై లక్షల మందికి పైగా ఆ లోకళ్లలో ప్రయాణించేవారు. రైల్వే లెక్కల్లో ఆ రద్దీకి సూపర్ డెన్స్ క్రష్ లోడ్ అని ఒక పేరుంది. చదరపు మీటరు చోటులో 14 నుంచి 16 మంది నిలబడితే ఆ పేరు. ఒక మామూలు చాప పరిచినంత జాగా ఊహించుకోండి. దాని మీద పాతికమంది నిలబడాలి, నిలబడి గంటసేపు ఊగాలి.

మొదటి వారం నాకు ఏడుపొచ్చింది. ఆడవాళ్ల పెట్టెలో ముగ్గురు కూచునే బల్ల మీద నాలుగో మనిషి అంచున కూచుంటుంది, సగం శరీరం గాలిలోనే ఉంటుంది. దాన్ని చౌథీ సీట్ అంటారు. ఎక్కగానే కూచున్నవాళ్లను ‘ఎక్కడ దిగుతారు?’ అని అడగాలి. ఘాట్‌కోపర్ అంటే ఆ సీటు నాది అని చెప్పి పెట్టుకోవాలి. ఆ మాటకు విలువ ఉంటుంది. తర్వాత వచ్చినవాళ్లు ఎంత తోసుకున్నా ఆ సీటు అడిగి పెట్టుకున్న మనిషికే. కాగితం లేదు, సాక్షులు లేరు, గొడవా లేదు.

నా పెట్టెలో ఒక గుంపు ఉండేది, ఎనిమిది మంది. ఒకావిడ బ్యాంకులో గుమాస్తా. ఇంకొకావిడ మునిసిపల్ ఆసుపత్రిలో ఆయా. ఒకమ్మాయి బట్టల దుకాణంలో సేల్స్‌గర్ల్. ఊళ్లో అయితే ఆ ముగ్గురూ ఒక బల్ల మీద కూచునే రోజులు కావు ఇవి. అక్కడ కూచునేవారు. డోంబివలీలో నలుగురు కూచుంటే నలుగురు నిలబడేవారు. రైలు ఠాణే దాటగానే ఎవరూ ఏమీ అనకుండానే కూచున్న నలుగురూ లేచేవారు, నిలబడ్డ నలుగురూ కూచునేవారు. నేను ఐదో వారంలో ఆ గుంపులో చేరాను. ఎలా చేరానంటే, ఒక రోజు ఆయా పనిచేసే ఆవిడ నన్ను చూసి రెండు వేళ్లతో బల్ల మీద తట్టింది. అంతే. సాయంత్రం తిరుగు ప్రయాణంలో సంచిలోంచి గోరుచిక్కుళ్లు తీసి అందరి ఒళ్లోనూ గుప్పెడు పోసేది. ఇల్లు చేరేసరికి ఆవిడ కూర తరగడం అయిపోయేది. దసరాకు పెట్టెకు బంతిపూల దండలు కట్టి, కొబ్బరికాయ కొట్టి, అందరికీ పేడాలు పంచేవాళ్లం. ఆ రోజు నేను చెప్తే వాళ్లు బతుకమ్మ అన్న పేరు పలకడం నేర్చుకున్నారు.

ఆ రైలును నేను ప్రేమించాను. అందుకే దాని గురించి ఇంకొక మాట కూడా చెప్పాలి. పట్టాలు దాటుతూ, తలుపు దగ్గర పట్టు జారి, ఎన్నో ఏళ్లపాటు ఏడాదికి రెండు వేల మందికి పైగా ఆ దారుల్లో చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పనికి పోతున్నవాళ్లు, పని నుంచి వస్తున్నవాళ్లు. జరగగలిగినంత జరిగాక ఇక జరగడానికి తలుపు అవతల గాలి తప్ప ఏమీ లేని మనుషులు.

ఈ ఊరు ఎన్ని రకాల మనుషులదో చెప్పడానికి నాకు ఒక్క ఉదాహరణ చాలు. బొంబాయి నగరపాలిక బళ్లలో చదువు ఎనిమిది భాషల్లో చెప్తారు. మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ, ఇంగ్లీషు, తమిళం, కన్నడం, తెలుగు. సరిహద్దుకు వందల కిలోమీటర్ల అవతల ఒక కార్పొరేషన్ బడిలో పిల్లవాడు అ ఆ ఇ ఈ దిద్దుతున్నాడంటే వాడి తాతో ముత్తాతో అక్కడ రాయి మోసి ఉంటాడు, మగ్గం నడిపి ఉంటాడు. ధారావి సంగతి చూడండి. రెండు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అందులో కుంభార్‌వాడాలో సౌరాష్ట్ర నుంచి వచ్చిన కుమ్మర్లు. తోలు పని తిరునెల్వేలి వైపు నుంచి వచ్చినవాళ్లు మొదలుపెట్టారు. పొద్దున్నే అక్కడి ఇళ్లలో ఉడికిన ఇడ్లీ సైకిళ్ల మీద ఊరంతా తిరుగుతుంది. వీళ్లందరికంటే ముందునుంచీ ఉన్నది కోలీలు, చేపలు పట్టేవాళ్లు. తెల్లారకముందే ససూన్ డాక్‌లో పడవలు దిగుతాయి. 1875 నుంచి ఉన్న రేవు అది. బుట్ట ఎత్తుకున్న కోలీ ఆడమనిషి నడుస్తుంటే పెద్ద మనుషులు కూడా దారి ఇస్తారు. అందరినీ జరగమని దబాయించగలిగింది ఆ ఊళ్లో ఆవిడ ఒక్కతే అనుకుంటాను.

ఈ మనుషులందరి మీదా 2005 జులై 26న వాన పడింది. శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు నమోదైంది. రైళ్లు ఆగిపోయాయి. జనం నడుములోతు నీళ్లలో రాత్రంతా నడిచారు. తెలియని ఇళ్లవాళ్లు తలుపులు తీసి పడుకోమన్నారు, టీ కాచి రోడ్డు మీద పంచారు. తర్వాత పత్రికలన్నీ ముంబై స్పిరిట్ అని రాశాయి. మళ్లీ పనిలోకి దిగారు చూడండి అని మెచ్చుకున్నాయి. తలుపు తీసినవాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. కాని వెంటనే పనిలోకి దిగడం గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది. నాకాలో నిలబడే కూలి, అంటే మన అడ్డా కూలీ లాంటివాడు, వెంటనే పనికి పోయాడంటే గుండెధైర్యం ఒక్కటే కారణం కాదు. పోకపోతే ఆ పూటకు పొయ్యి వెలగదు. ఓర్చుకోక తప్పనివాడి ఓర్పును పొగిడి ఊరుకుంటే, కాలువలు ఎవరు తవ్వాలి? నీళ్లు పోయే వాగును ఆక్రమించిందెవరో ఎవరు అడగాలి?

ఇప్పుడు సమ్మె. 1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల కార్మికులు దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. దత్తా సామంత్ నాయకుడు. జీతం పెంచాలి, సెలవులు కావాలి, బద్లీలను పర్మనెంటు చేయాలి. మామకు అప్పటికి ముప్పై ఒక్కేళ్లు. తను పర్మనెంటయ్యాడు, అయినా బద్లీల కోసం నిలబడ్డాడు. గేటు దగ్గరి ఐదేళ్లు ఆయన మరిచిపోలేదు. ఏడాది దాటినా సమ్మె తెగలేదు. పలానా రోజున విరమించామని ఎవరూ ప్రకటించలేదు కూడా. సమ్మె అలా కరిగిపోయింది, దానితో పాటే మిల్లులు. కొందరు భివండిలో మరమగ్గాల మీదికి పోయారు, కొందరు కూరగాయల బండి పెట్టారు. మామ 1983లో రేకు పెట్టెతో ఒక రోజు పొద్దున మా వాకిట్లో దిగాడని మా అమ్మ చెప్తుంది. ఆయనకు రావలసిన పైసలు ఆ మిల్లు ఇవ్వలేదు. తర్వాత సిరిసిల్లలో సాంచాల మీద పనిచేశాడు. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. బొంబాయి మిల్లుల్లోనూ మగ్గానికి ఇదే మాట. పని పోయినా పేరు వెంట వచ్చింది.

మిల్లులు పోయినా మిల్లుల నేల ఉంది. సుమారు 600 ఎకరాలు, నగరం నడిబొడ్డున. 1991లో ఒక నియమం పెట్టారు. మిల్లు నేల అమ్మితే మూడు భాగాలు చేయాలి. ఒక భాగం తోటలకు, ఆటస్థలాలకు. ఒక భాగం పేదల ఇళ్లకు. ఒక భాగం యజమానికి. వినడానికి న్యాయంగానే ఉంది. 2001లో ఆ నియమాన్ని సవరించారు. మొత్తం నేలను కాదు, భవనాలు లేని ఖాళీ జాగాను మాత్రమే మూడు భాగాలు చేస్తే చాలన్నారు. మిల్లంటేనే షెడ్లు, గోదాములు, పొగగొట్టాలు. ఖాళీ ఎంత ఉంటుంది? జనం కోర్టుకు వెళ్లారు. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. ఇళ్ల కోసం దరఖాస్తు పెట్టుకున్న మిల్లు కుటుంబాలు లక్షకు పైనే. 2012లో మొదటి లాటరీ తీశారు. వచ్చిన ఇంటి కొలత 225 చదరపు అడుగులు. రాత్రి నిద్రలో ఒక్కొక్క బెత్తెడు జరిగి పరాయివాడికి జాగా ఇచ్చిన మనుషులకు, ఆరు వందల ఎకరాల నుంచి ఎవరూ జరగలేదు. నా బాధంతా ఇదే. జరగమన్న మాట ఆ ఊళ్లో ఎప్పుడూ కింద ఉన్నవాళ్లకే చెప్పారు.

నేను అక్కడ ఉన్నప్పుడు మామ ఒకసారి వచ్చాడు. లోయర్ పరేల్ చూస్తానన్నాడు. తీసుకుపోయాను. ఫీనిక్స్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు పెద్ద షాపింగ్ మాల్. చుట్టూ అద్దాల మేడలు, ఆఫీసులు, హోటళ్లు. అక్కడక్కడా పాత పొగగొట్టం ఒకటి కనిపిస్తుంది. మామ వాటిని చూసి ఏమీ అనలేదు. ఒక భవనం ముందు పేవ్‌మెంటు అంచున పదిహేనుమంది పిల్లలు మోటారుసైకిళ్ల మీద కూచుని ఫోన్లు చూసుకుంటున్నారు. వీపున చదరపు సంచులు. తిండి ఇళ్లకు చేర్చేవాళ్లు. వీళ్లెందుకు కూచున్నారని అడిగాడు. ఆర్డరు వస్తే ఫోన్ మోగుతుంది మామా, మోగినవాడు పోతాడు, అన్నాను. మోగకపోతే? మోగేదాకా కూచోవాలి, అన్నాను.

మామ ఒక పిల్లవాడి దగ్గరికి పోయాడు. ఉత్తరప్రదేశ్ కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయి. మామ తన మిల్లు హిందీలో అడిగాడు, ఎన్నేళ్లయింది బాబూ చేరి అని. రెండేళ్లు, చాచా, అన్నాడు ఆ అబ్బాయి. పర్మనెంటు ఎప్పుడు చేస్తారు, అని అడిగాడు మామ. ఆ అబ్బాయికి ప్రశ్న అర్థం కాలేదు. ఇంకోసారి అడిగాడు. అబ్బాయి నా వైపు చూశాడు, ఈయన ఏమంటున్నారు అన్నట్టు. ఇంతలో ఫోన్ మోగింది, అతను వెళ్లిపోయాడు. మామ ఆ ఖాళీ అయిన చోటును చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ‘మనకు అడగనీకె ఒక మాటన్న ఉండె బిడ్డా’ అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మామ మగవాళ్ల పెట్టెలో, నేను ఆడవాళ్ల పెట్టెలో ఎక్కాం. డోంబివలీలో దిగాక చూస్తే ఆయన చొక్కా ఒక పక్కంతా చెమటకు తడిసి నలిగిపోయి ఉంది, రెండో పక్క ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. చౌథీ సీట్ దొరికిందని సంతోషంగా చెప్పాడు.

ఇప్పుడు ఆయనకు డెబ్బై దాటాయి. సిరిసిల్లలో కొడుకు కట్టిన ఇంట్లో ఉంటాడు. ముందు గదిలో ఆయనకోసం కొడుకు కొన్న పెద్ద మంచం ఉంది, ఇద్దరు హాయిగా పడుకోవచ్చు. అత్తమ్మ మోకాళ్ల నొప్పులతో కింద పరుపేసుకుని పడుకుంటుంది కనుక మంచమంతా ఆయనదే. పోయిన నెల వెళ్లినప్పుడు మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే చూశాను. గోడ వైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, ఒక అంచున పడుకున్నాడు. మంచం ముప్పాతిక ఖాళీగా ఉంది. నడుం నొప్పెడుతుంది, తిరిగి సరిగా పడుకోమని నలభై ఏళ్లుగా చెప్తున్నా వినడని అత్తమ్మ అంది. నేను కూచుందామని మంచం పట్టె మీద చెయ్యి ఆనించాను. ఆయన కళ్లు తెరవలేదు. ఒక బెత్తెడు గోడ వైపుకు జరిగాడు.